ఏ ఊరి మధ్యాహ్నం

2000వ సంవత్సరం జూన్ 18, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మేఘం లేదు. ఆగ్నేయం నుంచి పొడి గాలి. వ్యాను కిటికీకి నేను తగిలించిన ఉష్ణమాపకంలో ఇరవై ఆరు డిగ్రీలు. ఆస్ట్రేలియా నడిబొడ్డున, డార్విన్ నగరానికి దక్షిణంగా 850 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమట్టి మీద రెండు గుడారాలు వేసుకుని మేము ఐదుగురం కూర్చున్నాం: నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ల మనవరాలు. గ్యాసు పొయ్యి మీద టీ మరుగుతోంది. అప్పుడు నా భార్య ఒక మామూలు ప్రశ్న అడిగింది.

"ఏవండీ, మంగళవారం తద్దినానికి విస్తళ్లు ఎన్నింటికి వేద్దాం?"

"ఒంటిగంటన్నరకు వేసెయ్యాలి. తదియ 1.52కి వెళ్లిపోతుంది" అన్నాను.

ఆమె గరిట ఆపింది. "ఒంటిగంటన్నరకా? సింగపూర్‌లో మనింట్లో రెండున్నర లోపు ఎప్పుడైనా విస్తరి పడిందా? ఆకలికి మీ అబ్బాయి గోడలు నాకేవాడు కదా."

నేను నవ్వలేదు. జేబులోంచి నా లెక్కల పుస్తకం తీశాను.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. నేను 1971లో సింగపూర్ వచ్చి, ఓడల మరమ్మతు యార్డులో టైమ్ కీపర్‌గా చేరి, అదే పనిలో రిటైరయ్యాను. ఎవరు ఎన్నింటికి గేటు లోపలికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అని రాయడమే నా ఉద్యోగం. మనుషులు చెప్పేది వినకుండా గడియారం చెప్పేది రాయడం నాకు అక్కడే అలవాటయింది. 1982 జనవరి ఒకటిన సింగపూర్ గడియారాలను అరగంట ముందుకు జరిపినప్పుడు, మా ఇంటి పంచాంగానికి అంతవరకు రెండు గంటలు కలుపుతున్న నేను ఆనాటి నుంచి రెండున్నర గంటలు కలుపుతున్నానని ఆ పుస్తకంలో రాసి, కింద గీత గీశాను.

మా అమ్మ 1968లో జ్యేష్ఠ బహుళ తదియ నాడు పోయింది. నేను అప్పుడు వేరే ఊళ్లో పనిలో ఉన్నాను. టెలిగ్రాం అందుకుని ఇల్లు చేరేసరికి రెండు రోజులు గడిచాయి. అప్పటికే అన్నీ అయిపోయాయి. ఆమె ముఖం చూడలేదు. ఆమె ఆఖరి మాట వినలేదు. పెద్దవాళ్లు చెప్పిన తిథిని మాత్రం రాసుకున్నాను. మరుసటి ఏడాది నుంచి ఆ తిథిని తప్పలేదు: మన దేశంలో రెండు, సింగపూర్‌లో ఇరవై తొమ్మిది, మొత్తం ముప్పై ఒకటి. జ్వరంతో పెట్టాను, యార్డులో సెలవు దొరకని ఏడాది జీతం కోయించుకుని పెట్టాను. కొడుకుగా నేను ఆమెకు చేయగలిగింది ఇంకేమీ మిగలలేదు కనుక, ఆ వరుస తెగకూడదన్నదే నా పట్టుదల.

ఈ ప్రయాణానికి ఒప్పుకున్నప్పుడు కూడా ముందు చూసింది తిథినే. చాంగీ బిజినెస్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి, 1999 అంతా సంవత్సరానికి రెండంకెలే పెట్టుకున్న పాత ప్రోగ్రాములకు నాలుగంకెలు నేర్పుతూ గడిపాడు. కొత్త సంవత్సరం ఆఫీసులోనే పుట్టింది వాడికి. అందుకు బదులుగా దొరికిన సెలవు ఇది. స్కూలు సెలవుల్లో డార్విన్‌కు ఎగిరి, వ్యాను అద్దెకు తీసుకుని, ఎడారి గుండా ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వెళ్లి రావాలని వాడి ఊహ. "ఫ్లాటు, ట్రైను, ఆఫీసు, మళ్లీ ఫ్లాటు. పిల్లకి ఖాళీ స్థలం అంటే ఏంటో తెలీదు నాన్నా" అన్నాడు. సోమవారం రాత్రి తిరుగు విమానం. మంగళవారం తద్దినం. నా లెక్క కుదిరింది.

ఏటా తిథి నిర్ణయించి చెప్పే పంతులుగారు ఆ నెల ఇండియాలో ఉన్నారు; సోమవారానికి గాని తిరిగి రారు. అందువల్ల ఆ ఏడాది నేనే చూశాను. పంచాంగంలో మంగళవారం ఎదురుగా 'తదియ ఉ. 11.22 వరకు' అని ఉంది. రెండున్నర గంటలు కలిపితే సింగపూర్‌లో 1.52. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. తద్దినానికి ఆ భాగంలో తిథి ఉండాలి. మా ఊళ్లో ఒంటిగంట ఇరవై నాలుగుకు అది మొదలవుతుందని చిన్నప్పటి నుంచి నాకు కంఠస్థం. 1.52 దానికంటే తరువాతిదే. సరిపోయింది అనుకున్నాను.

గుడారం ముందు కూర్చుని మళ్లీ వేశాను లెక్క. సింగపూర్‌లో సూర్యుడు ఉదయం ఏడింటికి గాని లేవడు. అక్కడ నాలుగో భాగం మొదలయ్యేది 2.19కి. తదియ అప్పటికి ఇరవై ఏడు నిమిషాల ముందే వెళ్లిపోతుంది. గడియారానికి రెండున్నర గంటలు కలిపాను, సూర్యుణ్ణి మాత్రం మా ఊళ్లోనే వదిలేశాను. ఏళ్ల తరబడి రెండున్నరకు విస్తరి వేసిన నా భార్యకు ఆ సంగతి చేతులకే తెలుసు. నాకు తెలియలేదు.

సోమవారం మాత్రం తదియ అక్కడ 11.20కే వచ్చి ఆ భాగమంతా ఉంటుంది. అంటే తద్దినం సోమవారం. అంటే రేపే.

ఆ విషయం చెప్పగానే అబ్బాయి మ్యాపు పరిచాడు. "రేపు మనం ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు నడపాలి నాన్నా. రాత్రి తొమ్మిది నలభైకి ఫ్లైటు. చీకటి పడ్డాక ఈ వ్యాను నడపకూడదని అద్దె కాగితంలోనే రాశారు, కంగారూలు అడ్డొస్తాయని. మధ్యలో తద్దినం ఎక్కడ పెడతాం?"

"ఎక్కడుంటే అక్కడ."

"అది సరే. ఇక్కడి టైమ్ ప్రకారం చూశారా? మా ఆఫీసులో సర్వర్ కంప్యూటర్ ఎక్కడుంటే ఆ టైమే టైమ్."

కోడలు టీ వడపోస్తూ అంది: "మరి మీ నాయనమ్మగారి సర్వర్ ఎక్కడుందో కనుక్కోండి ముందు."

అబ్బాయి నవ్వాడు, కాని నాకు అది నవ్వులాటగా అనిపించలేదు. ఆ సాయంత్రం సూర్యాస్తమయం 6.11 అని రాసుకుని, ఉదయం రాసుకున్న 7.04తో కలిపి పగటిని ఐదు భాగాలు చేశాను. ఇక్కడి గడియారం ఇండియాకు సరిగ్గా నాలుగు గంటలు ముందు. సోమవారం తదియ 12.50కి వస్తుంది, అపరాహ్ణం 1.44కి. బాగానే ఉంది. కాని మంగళవారం కూడా ఇక్కడ తదియ 3.22 దాకా ఉంటుంది, అపరాహ్ణం 3.58 దాకా. ఈ ఎడారిలో తదియ రెండు మధ్యాహ్నాలనూ తాకుతోంది. మా ఊళ్లో ఒక్కటే, సింగపూర్‌లో ఒక్కటే. ఆమె పోయింది ఒక సూర్యుడి కింద, నేను బతుకుతున్నది మరో సూర్యుడి కింద, రేపు నిలబడబోయేది మూడో చోట. ఎక్కడి మధ్యాహ్నం ఆమెది? పుస్తకంలో మూడు గళ్లు గీసి, ఏ గడిలోనూ టిక్కు పెట్టలేక మూసేశాను. నా పుస్తకంలో అంతకుముందు అలాంటి పేజీ లేదు.

నిజానికి ఆ దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచే నా లెక్కలు జారిపోతున్నాయి. దారి పక్కన మనిషి ఎత్తు చెదపుట్టలు లెక్కపెడదామని మొదలుపెట్టి, గంటలో 214కు చేరి, కళ్లు అలికినట్టయి మానేశాను. వ్యాను మీటరు చూపే దూరానికీ రోడ్డు పక్క పలకల మీది దూరానికీ రోజుకు ఆరేడు కిలోమీటర్ల తేడా. ఎడమ చేతికి సింగపూర్ గడియారం, కుడి చేతికి ఇక్కడి గడియారం. మనవరాలు టైమ్ అడిగితే ఏ చెయ్యి ఎత్తాలో తోచేది కాదు. ఆ పిల్ల మాత్రం సుఖంగా ఉంది. ఆకలి వేస్తే సింగపూర్ పిల్లల మాటలో మకాన్ టైమ్, తిండి వేళ, అనేది, నిద్ర వస్తే పడుకునేది.

సోమవారం ఉదయం ఆరున్నరకు గుడారాలు మడిచాం. అబ్బాయి లెక్క ప్రకారం ఒంటిగంటన్నరకు డార్విన్ ఇంకా 290 కిలోమీటర్లు ఉంటుంది, 3.20కి మళ్లీ బయల్దేరితే చీకటి పడే వేళకు ఊరి అంచున ఉంటాం. "మీకు గంటా యాభై నిమిషాలు నాన్నా. వంటతో సహా" అన్నాడు. జీవితంలో మొదటిసారి వాడు నాకు టైమ్ కీపర్ అయ్యాడు.

బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, నెయ్యి, బెల్లం ఉన్నాయి. నువ్వులు లేవు. దారిలో పెట్రోలు పోసుకునే చోట ఒక చిన్న కొట్టు ఉంది. అందులో నువ్వులంటే ఏమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి కోడలికి ఐదు నిమిషాలు పట్టింది. చివరికి ఆమె నాలుగు బన్నుల పొట్లంతో బయటికి వచ్చింది.

"నువ్వులు వీటి మీదే ఉన్నాయి మావయ్యగారూ. గీకుకోవాలి."

"అవి తెల్లవి. పితృదేవతలకు నల్లవి కావాలి" అన్నాను.

"నల్లవైతే మాడ్చిన బన్ను కొనాలి" అంది నా భార్య, అద్దంలోంచి రోడ్డు చూస్తూ.

మనవరాలు వెనక సీట్లో కూర్చుని, గోరుతో ఒక్కొక్క గింజ తీసి కాగితం మీద పెట్టింది. "తాతా, సిక్స్టీ వన్ దొరికాయి. ఇనఫ్ ఆ?" అని అడిగింది. ఎన్ని సరిపోతాయో నాకు తెలియదని చెప్పాను. ముప్పై ఒక్క సార్లు నువ్వులు వదిలాను గాని ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

1.36కి రోడ్డు పక్కన లారీలు ఆగే చోటు కనబడింది: ఒక రేకుల నీడ, ఒక నీళ్ల ట్యాంకు, ఒక సిమెంటు బల్ల. ఎండ ముప్పై డిగ్రీలు. నేను ట్యాంకు నీళ్లు నెత్తిన పోసుకుని, తడి పంచెతో తూర్పు ఏదో వెతుకుతుంటే, అక్కడ ముందే దిగి ఉన్న ఒక ముసలి ఆస్ట్రేలియా ఆయన కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఏమి జరుగుతోందని అబ్బాయిని అడిగాడు. మా వాడు తద్దినాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, మా నాన్నగారి తల్లి భోజనానికి వస్తోంది అని చెప్పాడు. ఆ పెద్దాయన టోపీ తీసి, రోడ్డుకు ఇటూ అటూ చాలాసేపు చూశాడు, కారు ఏదైనా వస్తోందేమోనని. తరవాత తన కుర్చీ తెచ్చి నీడలో వేసి, ఆమెకు అవసరం కావచ్చునని చెప్పి వెళ్లిపోయాడు.

నా భార్య నలభై నిమిషాల్లో అన్నం, పప్పు, పరమాన్నం చేసింది. దర్భ బదులు పక్కనున్న గడ్డి కోస్తే అది వేలికి గుచ్చుకుని నెత్తురు వచ్చింది. మంత్రాలు చెప్పే మనిషి లేడు. నాకు గుర్తున్నంత వరకు చెప్పాను. గుర్తులేని చోట గోత్రం, పేరు మళ్లీ చెప్పాను. మూడు తరాల స్త్రీలకు మూడు పిండాలు: అమ్మకు, నాయనమ్మకు, నాయనమ్మ అత్తగారికి. అరవై ఒక్క నువ్వుల్లో గాలికి కొన్ని పోయాయి.

అమ్మ పిండం పెట్టబోతుండగా నా భార్య మెల్లగా అడిగింది. "అత్తయ్యగారు పోయింది ఎన్నింటికండీ? పగలా, రాత్రా? ఎన్నడూ అడగలేదు నేను."

కోడి కూసే వేళ అని మేనత్త చెప్పింది. పాలవాడు వచ్చి వెళ్లాక అని పక్కింటివాళ్లు చెప్పారు. టెలిగ్రాంలో గంట లేదు. తదియ అని పెద్దలు చెప్పింది రాసుకున్నాను గాని, ఆనాడు తదియ ఎన్నింటికి వచ్చిందో, ఆమె దానికి ముందు పోయిందో తరువాతనో ఎవరినీ అడగలేదు. ఓడ యార్డులో వేలమంది రాకపోకలు నిమిషాలతో రాసినవాణ్ణి. ఆ ఒక్క అంకె నా దగ్గర లేదు.

"తెలియదు" అన్నాను.

"పోనీలెండి. పెట్టండి, ఎండకి అన్నం పెచ్చు కడుతోంది" అంది.

పెట్టాను. 2.47. పిండాలను బల్లకు దూరంగా ఒక రాయి మీద ఉంచి పది అడుగులు వెనక్కి వచ్చానో లేదో, నాలుగు కాకులు దిగాయి. మన కాకులకన్నా పెద్దవి, కళ్లు తెల్లగా ఉన్నాయి, అరుపు పసిపిల్ల ఏడుపులా సాగింది. అంత త్వరగా, అంత ఆకలిగా కాకులు ముట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. సంతోషించాలి. కాని అవి ఎవరి కోసం వచ్చాయో, ఏ భాష అర్థమై వచ్చాయో నాకు పాలుపోలేదు.

"దే లైక్ ఇట్ లా, తాతా" అంది మనవరాలు తన సింగపూర్ ఇంగ్లీషులో. అబ్బాయి గడియారం చూపించాడు. 3.24కి బయల్దేరాం. నాలుగు నిమిషాలు ఆలస్యం. విమానం అందింది.

మంగళవారం జూన్ 20, సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్, మా ఏడో అంతస్తు ఫ్లాటు. ఉదయం వాన, పదకొండింటికి తెరిపి. మేము ముందే చెప్పిపెట్టిన ప్రకారం పంతులుగారు పన్నెండున్నరకు వచ్చేశారు. ఆయన కూడా నిన్ననే ఇండియా నుంచి దిగారు. సంచిలో దర్భలు, నల్ల నువ్వులు సిద్ధం. జరిగింది అంతా చెప్పాను: మూడు గడియారాలు, రెండు మధ్యాహ్నాలు, అరవై ఒక్క తెల్ల నువ్వులు. ఆయన పంచాంగం ఇటు తిప్పి అటు తిప్పి, కళ్లజోడు తీసి తుడిచారు.

"నిన్న పెట్టిందే తిథి ప్రకారం సరిగ్గా ఉందండీ. మంత్రం సంగతి వేరు. ఇవాళ ఇక్కడ తదియ నిలవదు. పెట్టాల్సిన పని లేదు."

"పెట్టకూడదా?"

"కూడదని ఎక్కడా చదవలేదు. పెట్టమనీ చదవలేదు. మీ ఇష్టం."

నా ఇష్టం అనే మాట తద్దినం విషయంలో నేను అంతవరకు వినలేదు. వంటింట్లోకి చూశాను. నా భార్య అప్పటికే పప్పు దించి, అరిటాకులు తుడుస్తోంది. ఆమె నన్ను అడగలేదు, నేనూ ఆమెకు చెప్పలేదు. ఎడారిలో తిథి ఉంది, మంత్రం లేదు. ఇక్కడ మంత్రం ఉంది, తిథి లేదు. అమ్మ పోయిన గంట ఎక్కడా లేదు. తెలియని గంటకు ఒక మధ్యాహ్నం ఎక్కువే పెట్టాలని తోచింది. అది లెక్క కాదని నాకు తెలుసు. నా జీవితంలో లెక్క లేకుండా తీసుకున్న నిర్ణయం అదొక్కటే కావచ్చు. పీట మీద కూర్చున్నాను.

2.31కి పిండాలు పళ్లెంలో పెట్టుకుని కిందికి దిగాం. మా బ్లాకు దగ్గర పక్షులకు మేత వేయవద్దని బోర్డు ఉంది. అందుకని ఏటా చేసినట్టే రోడ్డు దాటి, నీటి ఒడ్డున ఉన్న పచ్చిక దాకా నడిచి, ఆకు మీద ఉంచాం. అవతల మలేషియాలోని జొహోర్ వైపు పోయే వంతెన మీద లారీలు బారు తీరి ఉన్నాయి. నలభై నిమిషాలు నిలబడ్డాం. ఒక్క కాకి రాలేదు. చివరికి పసుపు ముక్కు మైనా ఒకటి గెంతుతూ వచ్చి, అమ్మ పిండంలోంచి నాలుగు మెతుకులు తీసుకుని పోయింది.

"మైనా కౌంట్ అవదా, తాతా?"

"ఏమో అమ్మా."

"యూ రైట్ డౌన్ ఫస్ట్ లా. తరవాత ఆలోచిద్దాం" అంది.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఆదివారం ఖాళీగా వదిలేసిన మూడు గళ్ల పేజీ తీసి, ఎడారిదానికి ఒక టిక్కు, సింగపూర్‌దానికి ఒక టిక్కు పెట్టాను. మూడో గడి, మా ఊరిది, ఖాళీగానే ఉంచాను. ఆ ఉదయం ఆమె పోయిన గంట ఎవరైనా చెబితే అందులో రాద్దామని; చెప్పగల వాళ్లు ఇప్పుడెవరూ లేరు. కింద గీత గీసి మొత్తం వేశాను.

సంవత్సరాలు ముప్పై రెండు. తద్దినాలు ముప్పై మూడు. ఆ రెండు రోజుల్లో పెట్టిన పిండాలు ఆరు, ముట్టిన కాకులు నాలుగు, మైనా ఒకటి.